చవక వస్తువుకు మరమ్మతు గిట్టుతుందా?

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఐదారు వందల రూపాయల ఇయర్‌బడ్స్ పాడైతే బాగుచేసేవారు దొరకడం కష్టం. తప్పు మెకానిక్‌ది కాదు. లోపం పట్టుకోవడానికి పట్టే సమయంలో చవక వస్తువుకూ, ఖరీదైన ల్యాప్‌టాప్‌కూ పెద్దగా తేడా ఉండదు. వస్తువు చవకని దుకాణం అద్దె తగ్గదు. పైగా జిగురుతో అతికించిన పెట్టె తెరవబోతే విరుగుతుంది. అదే మిక్సీ అయితే? కార్బన్ బ్రష్‌లు, కప్లర్ విడిగా దొరుకుతాయి, కాసేపట్లో పని అయిపోతుంది. ఫ్యాన్ కెపాసిటర్ సంగతీ అంతే. అంటే గిట్టుబాటును తేల్చేది వస్తువు ధర ఒక్కటే కాదు, అది విప్పదగినదా, భాగం దొరుకుతుందా అన్నది కూడా.

బెంగళూరులో 2015లో మొదలైన రిపేర్ కేఫ్ స్వచ్ఛందంగా మరమ్మతు పనిని జనానికి నేర్పుతోంది. ఎంతో మంచి పని. కానీ స్వచ్ఛంద సేవ మెకానిక్ ఇల్లు గడపదు. ప్రభుత్వాల వైపు చూస్తే, కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది. ఫ్రాన్స్ 2021లోనే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటి వాటిపై, ఎంత సులువుగా బాగుచేయవచ్చో తెలిపే మరమ్మతు మార్కులు చూపించాలని నిబంధన పెట్టింది. మన దగ్గరా ఆ మార్కులు, విడిభాగాల ధరలు డబ్బాపై ముద్రించడం తప్పనిసరి చేయాలి. చవక వస్తువులకు మినహాయింపు ఇవ్వకూడదు.