గర్భసంచి మాట ఉద్యమం మాట కాదా?

వాడలో ఒక ఆడమనిషికి గర్భసంచి క్యాన్సరని తేలితే ఆ కాగితాన్ని బియ్యం డబ్బా అడుగున దాచిపెడుతుంది. మొగుడికి చెప్పినా అత్తకు తెలియనివ్వదు. కూలికెళ్లే గుంపులో అసలే నోరెత్తదు. మన సంఘం మీటింగుల్లో భూమి మాట వస్తది, రిజర్వేషన్ మాట వస్తది, శ్మశానం దారి మాట వస్తది. ఈ మాట మాత్రం రాదు. ఎవరైనా ఎత్తితే "అది ఆడోళ్ల విషయమమ్మా, తర్వాత చూద్దాం" అంటారు మన అన్నలే. ఆ తర్వాత ఎప్పుడొస్తది అన్నలారా? శవం లేచినాకనా?

మేం ఈ రోగం పడి లేచిన ఆడోళ్లం, వాళ్ల వెంట ఆస్పత్రులు తిరిగినోళ్లం. మేం చెప్పేది ఒకటే. రోగం మొదట్లో బయటపడ్డ మనిషికి ఆపరేషన్ ఎంత అవసరమో, ఆ దారిలో ముందు నడిచొచ్చిన ఇంకో ఆడమనిషి తోడు కూడా అంతే అవసరం. ఆ తోడును కూడగట్టడం సంఘం పని.

ముందు రోగం సంగతి తెలుసుకుందాం. గర్భసంచికి వచ్చే క్యాన్సర్లు ముఖ్యంగా రెండు. ఒకటి గర్భసంచి మూతికి వచ్చేది. మన దేశంలో ఎక్కువ మందిని తినేది ఇదే. దీనికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. రెండోది గర్భసంచి లోపలి పొరకు వచ్చేది. ఎక్కువగా ముట్లుడిగిన తర్వాత వస్తది. ముట్లాగి ఏడాది దాటినాక మళ్లీ ఎర్ర కనపడితే, అది ఒక్క చుక్కయినా సరే, డాక్టరు దగ్గరకు పోవాలి. అలా కనపడిన వాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు. పది మందిలో ఒకరికి ఉండొచ్చు. ఆ ఒకరు ఎవరో పరీక్షతోనే తేలుతుంది. ముట్ల మధ్యలో, మొగుడితో కలిసినాక ఎర్ర కనపడినా, తెల్లబట్ట దుర్వాసన వేసినా ఊరుకోకూడదు.

మొదట్లో దొరికితే ఇది బతికే రోగం. లోపలి పొర క్యాన్సర్ గర్భసంచి దాటకముందే దొరికిన వాళ్లలో నూటికి 90 మందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. కొందరికి కరెంటు వైద్యం కూడా పెడతారు. మరి అదే రోగానికి మన వాడలో చావు డప్పు ఎందుకు మోగాలి?

ఎందుకంటే మనకు అందాల్సిన పరీక్ష అందడం లేదు. అక్కర్లేని కోత మాత్రం అందుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి మూతి పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నోళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మంది. ఆంధ్రలో తొమ్మిది మందికి దగ్గర! తెల్లబట్ట అని పోతే, నడుం నొప్పి అని పోతే, "తీసేయకపోతే క్యాన్సరొస్తది" అని బెదిరిస్తారు. ఆ మాట మీద అప్పు తెచ్చి, పుస్తెలు కుదువపెట్టి ముప్పై ఏళ్లకే కోయించుకున్న కూలి తల్లులు ఎంతమంది లేరు మన వాడల్లో! ముక్క పరీక్ష చేశారా అంటే లేదు. అండాశయాలు కూడా తీసేశారా అంటే ఆమెకే తెలియదు. ఎముకలు గుల్లయి, వరినాట్లకు వంగలేక మూలన పడినాక అడిగే నాథుడు లేడు.

క్యాన్సర్ పేరు చెప్పి లేనోళ్లను కోస్తారు. ఉన్నోళ్లకు పరీక్ష చేయరు. ఈ రెండూ ఒకే దోపిడీకి రెండు చేతులు. అందుకే మన మొదటి మాట: ముందు ముక్క పరీక్ష, తర్వాతే కోత. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అక్రమ గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలన్నది. వాటి ప్రకారం ఈ ఆపరేషన్ల మీద నిఘాకు జిల్లాకో కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటదో కలెక్టరాఫీసుకు పోయి అడగండి.

ఇక మన ఇంటి సంగతి. హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టినందుకు కొట్లాడినోళ్లం మనం. అట్లాంటి మన ఇళ్లల్లోనే క్యాన్సరొచ్చిన ఆడమనిషికి వేరే కంచం పెడుతున్నారే! ఈ రోగం కంచంతో అంటదు, ముట్టుకుంటే అంటదు, పక్కన పడుకుంటే అంటదు. పాపం చేసిందని, తిరుగుబోతని అనే నోళ్లను అక్కడికక్కడే మూయించాలి. గర్భసంచి పోతే ఆడతనం పోయిందని మొగుడు ఇంకో పెళ్లి మాటెత్తితే సంఘం పెద్దలు పంచాయితీ పెట్టాల్సింది అతని మీద, ఆమె మీద కాదు.

తోడు అంటే అయ్యో పాపం అనడం కాదు. డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పి పంపించేస్తాడు. ఆమె గుండెల్లో ఉన్న ప్రశ్నలు వేరే. బరువు ఎన్నాళ్లు ఎత్తకూడదు? కాపురం చేయొచ్చా? కరెంటు పెట్టే వారాల్లో రోజూ ఎట్లా పోయి రావాలి? ప్రతిసారి చెకప్ తేదీ దగ్గర పడుతుంటే నిద్ర పట్టకపోవడం నాకొక్కదానికేనా? ఈ ప్రశ్నలకు "నాకూ అంతే అయింది వదినా, ఇట్లా గట్టెక్కాను" అని చెప్పగలిగేది పడి లేచిన మనిషే. ఆ ఒక్క మాటతో రాత్రి నిద్రపోయినోళ్లను మేం చూశాం.

కాబట్టి మండలానికో జట్టు కట్టండి. చికిత్స అయినోళ్లు, నడుస్తున్నోళ్లు నెలకోనాడు కమ్యూనిటీ హాల్లో కూర్చోండి. కొత్తగా తేలిన మనిషిని ఒంటరిగా ఆస్పత్రికి పంపొద్దు. ఒకరు వెంట పోవాలి, ఒకరు పిల్లల్ని చూడాలి, మిగతావాళ్లు ఆమె బదులు కూలికి పోవాలి. ముక్క పరీక్ష కాగితం, స్కానింగు, ఆపరేషన్ కాగితం ఒక సంచిలో భద్రం చేయాలి. హైదరాబాదులో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా ఆస్పత్రి ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ వైద్యం ఉంది. దారి తెలిసినోళ్లు తెలియనోళ్లను నడిపించాలి.

ఇట్లా కూర్చోవడంతో ఏమొస్తదంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నాకనే ఇంటింటి ఏడుపు సారా ఉద్యమమైంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బందయింది. ఈ ఏడుపు కూడా అట్లాగే బయటికి రావాలి.

రోగికి తోడుండడం ఉద్యమం కాదనే అన్నలకు ఒక్క మాట. ప్లేగులో పడిపోయిన పిల్లవాణ్ణి మోసుకొచ్చి, అదే ప్లేగుతో 1897 మార్చి 10న ప్రాణం విడిచింది సావిత్రీబాయి ఫూలే. ఆమె ఫొటోకు దండేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

మేం అడుగుతున్నాం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భసంచి మూతి పరీక్ష జరగాలి. ముక్క పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా జరగాలి. చికిత్స నడిచినన్నాళ్లు బస్సు ఛార్జీ, పోయిన కూలి ఇవ్వాలి. క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర మనిషికీ, తోడు వచ్చిన మనిషికీ ఉండడానికి చోటు ఇవ్వాలి. వచ్చే మీటింగు ఎజెండాలో ఈ మాట మొదటి వరసలో రాయండి. చివర్లో రాస్తే, చివరి బస్సుకు ముందు లేచిపోయేది ఆడోళ్లేనని మీకు తెలుసు.