బఫేలో మా ప్లేట్లు లెక్కపెట్టినవాళ్లకు

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో ఒక పెద్ద ఏషియన్ బఫేకి వెళ్లి మేం ఐదుగురం దిగిన ఫోటో పెట్టాం. కింద మనవాళ్లే "ఉద్యమం మర్చిపోయారా", "అడవిలో పుట్టి చైనా తిండా" అని రాశారు. సరే, మాట్లాడుకుందాం.

సీనియర్ అక్కకి మొదటి జీతం వచ్చింది, పిలిచింది, పోయాం. కడుపు నిండా తిన్నాం. (మోమోలు బాగున్నాయి, సుషీ మాత్రం మాకెక్కలేదు.) తిన్నందుకు మాకేం సిగ్గు లేదు.

మండింది ఒక్క గిన్నె దగ్గర. థాయ్ కర్రీ అని బోర్డు, లోపల చూస్తే వెదురు కొమ్ములు! వానాకాలంలో మా అమ్మలు అడవి నుంచి తెచ్చి, సన్నగా తరిగి, ఉడకబెట్టి, నీళ్లు వంపేసి వండేది అదే కదా. ఆ కూర టిఫిన్‌లో హాస్టల్‌కి తెస్తే వాసనని ముక్కు మూసుకుంటారు. అక్కడ మాత్రం మళ్లీ మళ్లీ వడ్డించుకుంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, సేకరించి అమ్ముకునే హక్కు మనకిచ్చింది. ఆ గిన్నెలోది మాత్రం బయటి దేశం డబ్బా సరుకట, వడ్డించే తమ్ముడే చెప్పాడు. మరి మన సంత సరుకు ఆ వంటగదిదాకా ఎందుకు రాలేదు? దీని మీద ఎవరూ ఒక్క ముక్క రాయరు, మా ప్లేట్ల మీద మాత్రం రాస్తారు.

శనివారం మెస్ కమిటీ ముందు వారానికోసారి చోడి అంబలి, సీజన్‌లో వెదురు కొమ్ముల కూర అడుగుతున్నాం. మమ్మల్ని తిట్టిన అన్నలూ, సంతకం పెట్టడానికి రండి.