వసూలైందే అమ్మకం

మన యిళ్లల్లో ఒక నమ్మకం వుంది. పిల్లవాడు చిన్న క్లాసుల నించీ ఫస్టున వస్తూంటే, వాడి సంగతి యిక మనం చూసుకోనక్కర్లేదని. బడిలో ఫస్టు, ఇంటరులో ఫస్టు, డిగ్రీలో ఫస్టు. ఆ తరువాత యే పెద్ద సంస్థలోనో సీటు వచ్చిందంటే వీధంతా మిఠాయి పంచి నిశ్చింతగా కూర్చుంటాం. ఆ సీటు బిజినెస్ స్కూలులో అయితే మరీను! రెండేళ్లు కళ్లు మూసుకుంటే కుర్రాడు లక్షలు తెస్తాడని పక్కింటివారు కూడా లెక్క కట్టి పెడతారు. కాని ఆ రెండేళ్లలో మొదటి మూడు నెలలు యెలా గడుస్తాయో మాత్రం యెవరూ అడగరు. ఈ వారం ఆ మూడు నెలల గురించి నాలుగు మాటలు చెబుతాను.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. వ్యాపారానికీ నాకూ వున్న సంబంధం నెల మొదట్లో కిరాణా కొట్టు పద్దు తీర్చడంతో సరి. అయితే ఆ కొట్టు యజమాని కొడుకే మా కాలేజీలో బి.కాం. చదివాడు. నా దగ్గర తెలుగు రెండో భాషగా నేర్చుకున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కిందటేడు ఉత్తరాదిన పేరున్న ఒక బిజినెస్ స్కూలులో చేరాడు. అందువల్ల తండ్రి చెప్పే కబుర్లు కొట్టు దగ్గరా, కొడుకు చెప్పే కబుర్లు ఫోనులోనూ నాకు చేరుతూ వచ్చాయి.

ముందు ఆ చదువు తీరు కొంచెం చెప్పాలి. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంవారు 1908లో బిజినెస్ స్కూలు పెట్టారు. అక్కడి న్యాయకళాశాలలో ఉపన్యాసాలకు బదులు కోర్టు తీర్పులను ముందు పెట్టి విద్యార్థుల చేత వాదింపజేసే పద్ధతి అప్పటికే వుంది. దాన్నే వ్యాపారపు చదువుకూ తిప్పుకున్నారు. ఒక కంపెనీ, దానికొచ్చిన చిక్కు, చేతిలో వున్న అంకెలు, యివన్నీ కొన్ని పేజీల్లో రాసి యిస్తారు. దీన్ని కేసు అంటారు. జవాబు మాత్రం అందులో వుండదు. మన దేశంలో 1961లో కలకత్తాలోనూ, అహ్మదాబాదులోనూ యిలాంటి సంస్థలు వెలిసినప్పుడు, అహ్మదాబాదువారు హార్వర్డు సాయంతో ఆ పద్ధతినే తెచ్చుకున్నారు. మన విశాఖపట్నానికీ 2015లో అలాంటి సంస్థ వచ్చింది. చాలాచోట్ల యేడాదిని మూడు టర్ములుగా విడగొడతారు. మొదటి టర్ములోనే జమాఖర్చులు, అర్థశాస్త్రం, గణాంకాలు, మార్కెటింగు, మనుషులతో కలిసి పనిచేసే తీరు, అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

మీరు అష్టావధానం చూసే వుంటారు. ఒకరు సమస్య యిస్తారు. ఒకరు అక్షరాలు నిషేధిస్తారు. ఒకరు గంట కొడుతూ వుంటారు. యీ సందట్లో అప్రస్తుత ప్రసంగి లేచి, "అవధానిగారూ, యివాళ మీ యింట్లో కూరేమిటి?" అంటాడు. మావాడి టర్ము అచ్చం అలాగే నడిచింది. తెల్లవారేసరికి రెండు మూడు కేసులు చదవాలి. చెప్పాపెట్టకుండా చిన్న పరీక్ష పెడతారు. జట్టుగా చేయవలసిన పని ఒకటి. యివి చాలనట్టు, వచ్చే వేసవిలో రెండు నెలలు పనిచేయబోయే కంపెనీవారి కోసం తన గొప్పలన్నీ ఒక్క పేజీలో యిప్పటి నించే రాసి వుంచుకోవాలి. అవధానికయినా ఒక సాయంత్రంతో గండం గడుస్తుంది. వీడికి మూడు నెలలు!

కాని వాణ్ణి కుంగదీసింది ఆ బరువు కాదు. క్లాసులో ప్రతివాడి ముందూ వాడి పేరు రాసిన అట్ట వుంటుంది. ప్రొఫెసరు దాన్ని చూసి పేరు పెట్టి పిలిచి, "నువ్వయితే యేం చేస్తావు?" అంటాడు. మాట్లాడినందుకు మార్కులున్నాయి. మన దగ్గర గురువుగారు చెబుతున్నప్పుడు నోరు మెదపకపోవడం వినయం. అక్కడ అది సున్న. మావాడు జవాబు ముందు తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, వ్యాకరణం సరిచూసుకునేలోగా ఆ మాటే పక్కవాడు అనేసేవాడు. నాలుగు వారాలపాటు తనంతట తాను నోరు విప్పలేదట.

పైగా మార్కుల లెక్క వేరు. మన దగ్గర వందకు ముప్ఫయ్యైదు వస్తే ప్యాసు. యెంతమందికి వస్తే అంతమందీ ప్యాసే. అక్కడ గ్రేడు పక్కవాణ్ణి బట్టి వుంటుంది. అందరూ బాగా రాసిన పరీక్షలో బాగా రాసినవాడు కూడా అడుగున పడవచ్చు. డెబ్భైమంది ఫస్టులను తెచ్చి ఒక గదిలో కూర్చోబెడితే, అందులో ఒకడు డెబ్భయ్యోవాడు కాక తప్పదు గదా! యీ చిన్న లెక్క చేరబోయేముందు యే ఫస్టుకీ తట్టదు.

ఆగస్టులో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను చేశాడు. "మాష్టారూ, నేను వచ్చేస్తాను. నాన్నగారితో మీరు చెప్పండి" అన్నాడు. గొంతు పూడుకుపోయి వుంది. మొదటి వాయిదా ఫీజు లక్షల్లో వుంది, అదీ బ్యాంకు అప్పు. చదువు అయ్యేదాకా అప్పు తీర్చనక్కర్లేదు గాని, వడ్డీ మాత్రం డబ్బు యిచ్చిన నాటి నించే పెరుగుతూ వుంటుంది. "అంత డబ్బు కట్టేశాంగదాని వుండిపోవాలా మాష్టారూ?" అని పదే పదే అడిగాడు.

"యీ మాట మీ నాన్నగారితో నువ్వే చెప్పాలిరా. నేను చెబితే ఆయన నన్ను వూరడిస్తారు. నువ్వు చెబితే నీతో మాట్లాడతారు" అన్నాను.

మర్నాడు చెప్పాడు. ఆయన యేమన్నారో, తరువాత పంచదార తూస్తూ ఆయనే నాతో అన్నారు. "కట్టిన ఫీజు మర్చిపోరా అన్నానండీ. నువ్వు వున్నా రాదు, వచ్చేసినా రాదు. యిక ముందు వుంటే యెంతవుతుంది, యేమొస్తుంది? వచ్చేస్తే యేమొస్తుంది? అది చూసుకో. పురుగు పట్టిన పప్పు యెంతకు కొన్నామో తల్చుకుంటూ కూర్చుంటే కొట్టు నడుస్తుందాండీ?"

విశేషమేమిటంటే, ఆ వారమే అర్థశాస్త్రం క్లాసులో ప్రొఫెసరు గంటసేపు చెప్పిన పాఠం అదేనట. పెట్టేసి, యిక తిరిగిరాని ఖర్చును మునిగిన ఖర్చు అంటారు. ముందు చేయబోయే పనికి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కుర్రాడు ఆ సంగతి నోట్సులో శుభ్రంగా రాసుకున్నాడు. తన ఫీజుకూ అది వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. "మా నాన్నకి తెలిసిన సంగతులకే యిక్కడ పేర్లు పెట్టారు మాష్టారూ" అన్నాడు నాతో. ఆ మాటతో వాడి గొంతు కొంచెం తేటపడింది.

పది రోజుల తరువాత జమాఖర్చుల క్లాసులో ఒక కేసు వచ్చింది. ఒక కంపెనీకి యేటేటా అమ్మకాలు పెరుగుతున్నాయి. లాభం కాగితం మీద కనబడుతోంది. అయినా జీతాలివ్వడానికి చేతిలో డబ్బు లేక బ్యాంకు చుట్టూ తిరుగుతోంది. యెందుకని? కొందరు ఖర్చులు తగ్గించాలన్నారు. కొందరు యింకా అమ్మాలన్నారు. మావాడు చెయ్యెత్తి, వ్యాకరణం సంగతి దేవుడికి వదిలేసి, తమ కొట్టు గురించి చెప్పాడు. టోకు వర్తకుడు పదిహేను రోజుల గడువిస్తాడు. ఖాతాదారులు నలభై అయిదు రోజులకు గాని యివ్వరు. రైతులయితే సార్వా కోతలయ్యాకనే. మధ్యనున్న ముప్ఫై రోజులూ ఆ సరుకు ఖరీదు యెవరో ఒకరు మోయాలి. రోజుకు పదివేల ఖరీదు సరుకు అరువు యిస్తే ఆ సందులో మూడు లక్షలు యిరుక్కుంటాయి. అమ్మకం రెట్టింపయితే ఆరు లక్షలు. అంటే అరువు మీద అమ్మినకొద్దీ అప్పు పెరుగుతుంది. "మా నాన్న కోతలకు ముందు కొత్త ఖాతా తెరవడు. అమ్మింది అమ్మకం కాదు, వసూలైందే అమ్మకం అంటాడు" అని ముగించాడట.

ప్రొఫెసరు వూరుకోలేదు. "మరి పక్క కొట్టువాడు అరువిస్తే మీ ఖాతాదారులు అటు పోరా?" అన్నాడు. "పోతారు సార్. కొందరు పోయారు కూడా" అన్నాడు మావాడు. మిగతా క్లాసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

నన్నడిగితే యీ పద్ధతి మనకు పరాయిది కాదు. మన శాస్త్రచర్చల్లో ముందు పూర్వపక్షం, తరువాత సిద్ధాంతం. పూర్వపక్షం నిలబెట్టేవాడు లేకపోతే సిద్ధాంతానికి పనేముంది? తన మాట నిలవకపోవచ్చునని తెలిసి కూడా సభలో దాన్ని చెప్పగలగడం ఒక విద్య. నోట్సు చెప్పించుకుని వల్లెవేసే చదువుల్లో ఆ విద్య మనకు వెనకబడింది.

సెప్టెంబరు ఆఖరుకు టర్ము ముగిసింది. మావాడు ఫస్టు రాలేదు. జమాఖర్చుల్లో మంచి గ్రేడు, గణాంకాల్లో బొటాబొటీ, మొత్తం మీద క్లాసు నడుమన వున్నాడు. ఫస్టు తప్ప యెరగనివాడు నడుమన వుండి కూడా వేళకు అన్నం తిని నిద్రపోవడం నేర్చుకున్నాడు. ఆ టర్ములో అన్నిటికన్నా పెద్ద పాఠం అదేననుకుంటాను. ఉద్యోగాల్లోనయినా సంసారాల్లోనయినా మనలో చాలామందిమి నడుమనుండేవాళ్లమే గదా.

మీ అబ్బాయో అమ్మాయో యిలాంటి చోట చేరితే, ఆ మొదటి మూడు నెలలూ మార్కులెన్నని అడగకండి. "యివాళ క్లాసులో నువ్వేమన్నావు?" అని అడగండి. కట్టిన ఫీజు గుర్తు చేయకండి. అది వాళ్లకు నిద్రలో కూడా గుర్తుంటుంది. తిండీ నిద్రా మానేశారని తెలిస్తే ఆలస్యం చేయక, విద్యార్థుల మంచిచెడ్డలు చూసేందుకు అక్కడ యెవరున్నారో కనుక్కుని, వారి దగ్గరకు వెళ్లమని చెప్పండి.

యింకొక్క మాట. యింట్లో కౌలు లెక్కో, చీటీపాటో, కొట్టు బాకీలో మాట్లాడుకునేటప్పుడు పిల్లలు వచ్చి కూర్చుంటే, "నీకెందుకు, వెళ్లి చదువుకో" అని లోపలికి పంపేస్తూ వుంటాం. ఈసారి పంపకండి. కూర్చోనివ్వండి. వాళ్లూ ఒక మాట అంటే, అది తప్పయినా సరే, పూర్తిగా వినండి.