స్టెంటుకు ముందు రోగికి చెప్పవలసిన మాట



నడచునపుడు ఛాతీ పట్టివేసి, నిలిచినంతనే నెమ్మదించు నొప్పి గలవాడు యాంజియోగ్రాంకై పోగా, అతడింకను బల్లపై నుండగనే ఇంటివారిని లోనికి పిలిచి, తెరమీద సన్నగిలిన నాళమును చూపి, ‘90 శాతము బ్లాకు, ఇప్పుడే స్టెంటు వేయించుడు’ అని అంగీకారపత్రము చేతికిచ్చుట మన పట్టణములలో తరచు జరుగుచున్నది. స్టెంటు ఆయువు పెంచునను నమ్మకముతోనే వారు సంతకము చేయుదురు. స్థిరముగా నున్న హృద్రోగమున ఆ నమ్మకమునకు ఆధారము లేదని విన్నవించుటకే ఈ లేఖ.

2007లో ప్రకటితమైన ‘కరేజ్’ పరిశోధనలో 2,287 మందిని సుమారు నాలుగున్నర యేండ్లు పరిశీలింపగా, మరణము గాని గుండెపోటు గాని సంభవించినది స్టెంటు వేసినవారిలో 19 శాతము, మందులతోనే చికిత్స పొందినవారిలో 18.5 శాతము. భారతదేశముతో సహా 37 దేశములలో 5,179 మందిపై జరిగి 2020లో వెలువడిన ‘ఇస్కీమియా’ పరిశోధనలో, తొలుతనే స్టెంటునకో బైపాసునకో పూనుకొన్న పక్షమున 145 మరణములు, మందులతో ఆరంభించిన పక్షమున 144 మరణములు నమోదైనవి.

ఇందుకు కారణము దురూహ్యము కాదు. స్టెంటు ఒక్క చోటి ఇరుకును తెరచును. గుండెపోటో, అంతగా ఇరుకుగాని చోట పేరుకొన్న కొవ్వుపొర చిట్లి రక్తము గడ్డకట్టుటవలనను కలుగుచుండును. స్టాటిన్, ఆస్పిరిన్, రక్తపోటు మందులు, పొగ మానుట, నడక అన్ని నాళములకును రక్షణ నిచ్చును.

అట్లని స్టెంటు నిరర్థకమనుట నా అభిమతము కాదు. మందులకు లొంగని నొప్పిని అది ఉపశమింపజేయును. గుండెపోటు వచ్చినవేళ ప్రాణమే నిలుపును గనుక అప్పుడు క్షణమైనను ఆలసింపరాదు. ఎడమ ప్రధాన నాళము మూసికొనిపోవుచున్నవారికిని, పెక్కు నాళములు చెడి గుండె బలము క్షీణించినవారికిని బైపాసు ఆయుర్వృద్ధి నొసగును.

2017లో కేంద్రప్రభుత్వము స్టెంటు ధరకు పరిమితి విధించి రోగి భారమును తగ్గించినది. ఇక స్టెంటు అవసరమా యను విచారణకును అవకాశము కల్పింపవలెను. రోగము స్థిరముగా నున్నపుడు యాంజియోగ్రాం నాడే స్టెంటు వేయక, చికిత్సామార్గములను, వాని ఫలితములను తేటతెలుగున వ్రాసిన పత్రమును రోగికిచ్చి, ఇంటివారితో ఆలోచించుకొనుటకు కొన్ని దినముల వ్యవధి నొసగుట ప్రతి ఆసుపత్రియు నియమముగా పాటించునట్లు ప్రభుత్వము శాసింపవలెనని ప్రార్థించుచున్నాను. పాఠకులును సంతకమునకు ముందు ‘ఇది నొప్పి తగ్గించుటకా, ఆయువు పెంచుటకా?’ అని వైద్యుని తప్పక అడుగుదురుగాక.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు