గట్టిగా చదవండి, మీ ఊరు వినిపిస్తుంది

ముందు ఒక పని చేద్దాం. ఈ ఐదు పేర్లూ పైకి చదవండి: వైజాగపటం, చికాకోల్, కోకనాడ, ఎల్లోర్, మసూలిపటం.

ఎక్కడో విన్నట్టు ఉందా? ఇవన్నీ మన ఊళ్లే. విశాఖపట్నం, శ్రీకాకుళం, కాకినాడ, ఏలూరు, మచిలీపట్నం. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి కాగితాల్లో వాటి పేర్లు అలా ఉంటాయి. కళ్లతో చూస్తే అవి ఎవరివో పరాయి ఊళ్లు. పైకి చదివితే మాత్రం మన ఊళ్లే.

మన పూర్వీకుల గురించి వెతకాలంటే మంచి ఇంగ్లీషు, కంప్యూటరు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ రెండూ కావాలి, నిజమే. కానీ వాటికంటే ముందు తెలుగు విన్న చెవి కావాలి. ఎందుకో చెబుతాను.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పని చేస్తామని ఒప్పందం రాసుకున్న కూలీలు అందులో వచ్చారు. 1911 దాకా అలా ఓడలు వస్తూనే ఉన్నాయి. మొత్తం 1,52,184 మంది వచ్చారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మారిషస్‌కు అంతకంటే ముందే, 1834 నుంచే, కూలీలు వెళ్లడం మొదలైంది. కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉండేది. ఆ రేవు పేరుతోనే మారిషస్‌లో తెలుగువాళ్లను 'కోరంగీలు' అని పిలిచేవారు.

డర్బన్ వచ్చిన ప్రతి ఓడకూ ఒక జాబితా ఉంది. అందులో ఒక్కో మనిషికి ఒక్కో వరస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, మచ్చలు. మారిషస్ కాగితాలను మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో దాచి ఉంచారు. అక్కడ కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. ఒక తోట కూలీ ముఖం నూటయాభై ఏళ్ల తరవాత కూడా మనకు కనబడటం చిన్న విషయమా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ జాబితా రాసింది గుమాస్తా. చెప్పింది మనవాళ్లు. చదువు రాని ఒక అవ్వ "నా పేరు లచ్చిమి" అంటే, ఆయన తన చెవికి వినిపించింది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇప్పుడు మీరు కంప్యూటర్లో 'లక్ష్మి' అని కొడితే ఆ అవ్వ దొరక్కపోవచ్చు. వెంకన్న అని వెతికితే 'ఎంకన్న' దొరక్కపోవచ్చు. మీ నానమ్మ ఇంట్లో "ఎంకన్నా, ఇలా రా" అని పిలవడం మీరు విని ఉంటే, మీకు వెంటనే తడుతుంది.

అందుకే ఇంకో మాట కూడా చెబుతాను. మీ ఇంట్లో మాట్లాడే తెలుగును ఎవరైనా "పల్లెటూరి తెలుగు, మోటు తెలుగు" అని నవ్వితే సిగ్గుపడకండి. పుస్తకంలో తెలుగు నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. కానీ అవ్వ మాటను పారేయకండి. ఆ పాత కాగితాల్లో ఉన్నది ఎక్కువగా అవ్వ పలికిన తెలుగే.

మీ సర్‌నేమ్ సంగతి కూడా చూడండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తరవాత వస్తుంది. ఓడ జాబితాలో మాత్రం ఇంటిపేరుకు గడి లేదు. పేరు, తండ్రి పేరు, అంతే. దాంతో దక్షిణాఫ్రికాలో చాలా కుటుంబాలకు ఒక తాత పేరే సర్‌నేమ్ అయిపోయింది. అసలు ఇంటిపేరు కాగితం మీద లేకుండా పోయింది. అది ఇంకా మిగిలి ఉంటే పెద్దవాళ్ల నోట్లోనే ఉంటుంది.

అలాగని కాగితం చెప్పిందల్లా నిజం అనుకోవద్దు. వయసు చాలాసార్లు అంచనాయే. కులం గడి కూడా ఉందని చెప్పాను కదా. అందులో ఏం రాసి ఉన్నా, దాన్ని చూసి గర్వపడొద్దు, తల దించుకోనూ వద్దు. పుట్టుకను బట్టి మనిషిని ఎక్కువ తక్కువ చేయడం ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే. ఆ వరసలో నాకు నచ్చే గడి వేరే ఉంది: ఊరు. ఆ మనిషి ఎక్కడ ఆడుకున్నాడో, ఏ చెరువులో ఈదాడో అది చెబుతుంది.

కొన్ని ఇళ్లల్లో పెద్దవాళ్లు ఈ కథ చెప్పడానికి ఇష్టపడరు. "మనవాళ్లు కూలీలు" అనడం వాళ్లకు కష్టంగా ఉంటుంది. వాళ్లను గుచ్చి గుచ్చి అడగొద్దు. కానీ మీరు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. సిగ్గుపడాల్సింది మనుషులకు నంబర్లు వేసి పనిచేయించుకున్నవాళ్లు. సముద్రం దాటి, చెరకు నరికి, పిల్లలను పెంచి, పరాయి దేశంలో తెలుగు నిలబెట్టినవాళ్లు ఎందుకు సిగ్గుపడాలి?

"మేం అమెరికాలో ఉన్నాం, మాది ఓడ కథ కాదు" అంటారా? మీకూ కాగితాలు ఉన్నాయి. తాతయ్య పాత పాస్‌పోర్టు, నాన్న పదో తరగతి సర్టిఫికెట్, ఊళ్లో పొలం పాస్‌బుక్. ఆ సర్టిఫికెట్‌లోని పుట్టినరోజు నిజమైనదేనా అని నాన్నను అడగండి. "బళ్లో వేసేటప్పుడు అయ్యవారు ఏదో తేదీ రాసేశారు" అని ఆయన నవ్వినా నవ్వొచ్చు. అసలు సంగతి ఏ ఆఫీసులోనూ దొరకదు. అమ్మమ్మకో తాతయ్యకో గుర్తుంటుంది.

కాబట్టి నా సలహా ఇది. కాగితాలు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడు కూడా ఉంటాయి. పెద్దవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. ఈ ఆదివారం ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: మన ఇంటిపేరు ఏమిటి? మన ఊరి పేరు ఏమిటి? మీ నానమ్మను అందరూ ఏమని పిలిచేవారు? జవాబులను రాసుకుంటే చాలదు, వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. ఎప్పుడో ఒకరోజు పాత జాబితాలో ఒక వింత పేరు కనిపిస్తుంది. అప్పుడు ఆ గొంతు మళ్లీ వినండి, ఆ పేరును గట్టిగా చదవండి.