సులువు ఎవరికి?

 

పోయిన నెల మా గదిలో ఒక తమ్ముడు వాళ్ళమ్మ ఆపరేషన్‌కని ఫోన్లోనే ఊరికి డబ్బులు పంపాడు. అకౌంటు నంబర్లో ఒక అంకె తప్పు పడింది. "ఈ డబ్బు ఫలానా పేరుకి పోతుంది, సరేనా?" అని ఆ యాప్ అడగలేదు. వెనక్కి తీసుకునే బటన్ లేదు. ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో నంబరు చూపించి ఊరుకుంది. డబ్బు పోయిందా, ఆగిందా తెలీక తొమ్మిది రోజులు వాడికి నిద్ర లేదు. పైగా అందరూ వాడినే అన్నారు, "చూసుకోవద్దా? చదువు లేకపోతే ఇంతే" అని.

మేం ఒప్పుకోం. వాట్సాప్‌లో వాయిస్ పెట్టడం మాకెవరు నేర్పారు? మైకు బొమ్మ నొక్కి మాట్లాడతాం, వదిలితే పోతుంది. టిక్కులు పడితే చేరిందని తెలుస్తుంది. తప్పు పెడితే తీసేస్తాం. సంతకం రాని అక్క కూడా రోజూ వాడుతుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. యాకోబ్ నీల్సన్ అనే ఆయన 1994లోనే పది సూత్రాలు రాసిపెట్టాడు. ఏం జరుగుతోందో చూపించు, వాడే మనిషి మాటల్లో మాట్లాడు, వెనక్కి రావడానికి దారి ఉంచు, తప్పు జరక్కముందే ఆపు, జరిగితే ఏం చేయాలో మామూలు మాటల్లో చెప్పు. ఇవన్నీ అందులోవే.

కువైట్‌లో ఇప్పుడు బతుకంతా ఫోన్లోనే. బతాకా ఫోన్లో. 2025 జూలై 1 నుంచి 18 నంబరు అకామా వాళ్ళం ఊరికి పోవాలంటే ఎగ్జిట్ పర్మిట్ కూడా ఆన్‌లైన్లోనే. సర్కారు యాప్ పేరు సహెల్, అంటే అరబ్బీలో సులువు అని. 2021 సెప్టెంబరులో వచ్చింది. దాంట్లోకి ఇంగ్లీషు వచ్చింది 2024 చివర్లో. మూడేళ్ళు ఆ సులువు అరబ్బీ చదవగలిగినోళ్ళకే. ఆఫీసుల ముందు క్యూ తగ్గింది, కాదనం. కానీ అర్థం కానోడు అదే క్యూ టైపింగ్ షాపు ముందు కడుతున్నాడు. దినార్లిచ్చి, బతాకా నంబరూ ఓటీపీ పరాయి మనిషి చేతిలో పెడుతున్నాడు.

"ఎన్ని భాషలని పెడతాం?" అంటారు. సరే, తెలుగు తర్వాత చూద్దాం. ముందు బొమ్మ పెట్టండి, పేరు చూపించి అడగండి, వెనక్కి బటన్ పెట్టండి. వీటికి భాష అడ్డం కాదు కదా.

హైదరాబాద్‌లో కూచుని యాప్‌లు చేసే మన తెలుగు పిల్లలకే చెప్తున్నాం. ఐదుగురితో వాడించి చూస్తే లోపాలు చాలావరకు బయటపడతాయని ఆ నీల్సనే 2000లో రాశాడు. మా గదిలో సరిగ్గా ఐదుగురం ఉన్నాం. శుక్రవారం సెలవు. ఫోన్ మా చేతికిచ్చి, ఏం చెప్పకుండా పక్కన కూచోండి. మా వేలు ఎక్కడ ఆగితే అక్కడ తప్పు మీది.