రైలు మా అమ్మాయిది

ఈ సంక్రాంతికి మా ఇంటి బొమ్మల కొలువులోకి రైలొచ్చింది.

రైలు నిజానికి మా అబ్బాయిది. పుట్టినరోజుకని మావారు విజయవాడ నుంచి తెచ్చిన బ్యాటరీ రైలు. వాడు నాలుగు రోజులు ఆడి అటకెక్కించాడు. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి దాన్ని దించి దుమ్ము దులిపి, "అమ్మా, కొలువు ముందు మనూరి రైలు కడతాను" అంది.

"వీరులపాడుకి రైలెక్కడుందే?" అని నవ్వాను. ఇక్కడ మేమంతా బస్సు మనుషులం. రైలెక్కాలంటే మధిరకో విజయవాడకో పోవాలి. "వస్తుందిగా!" అంది. నిజమే. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది మా మండలం మీదుగానే పోవాలి.

అప్పుడే వచ్చిన పక్కింటి పిన్నిగారు, "ఆడపిల్లకి రైలు పిచ్చేమిటమ్మా, శుభ్రంగా ముగ్గు నేర్పక" అన్నారు. ఆవిడ మాట పోనివ్వకుండా మా పిల్ల ముగ్గే వేసింది. వసారాలో చుక్కలు పెట్టి, రైలు దారిని అసలు కొలతలతో గీసి, పట్టాల ముక్కలు దాని మీద పరిచి చూసుకుంది. మలుపు మరీ బిగుతుగా ఉంటే పెట్టెలు పడిపోతాయట. రెండుసార్లు చెరిపి గీసింది. ముగ్గయితే తడిగుడ్డతో పోతుంది, మేకులు కొట్టాక మార్చాలంటే చెక్కంతా తూట్లే కదా!

తర్వాత వంతెన కావాలంది. కింద ఏరు, పైన రైలు. పట్టాలు మూడంగుళాలు పైకి లేవాలి. యాభై అంగుళాల దూరానికి ఒక అంగుళం కంటే ఎక్కువ ఎత్తితే బొమ్మ రైలు లాగలేదని లెక్క వేసుకుంది. అంటే ఎక్కడానికే నూట యాభై అంగుళాలు, పన్నెండున్నర అడుగులు! మా దగ్గరున్నవి పాత తలుపు చెక్కలు రెండు, ఆరేసి అడుగులవి. ఇక వంతెన లేదులే అనుకున్నాను. రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి, "పట్టాలు ఎత్తడమెందుకు, ఏరునే దించితే పోలా?" అంది. రెండు చెక్కల్నీ ఇటుకల మీద పెట్టి, మధ్య జానెడు సందు వదిలింది. ఆ సందులో నీలం గుడ్డ పరిచింది. అదే మా మునేరు!

గుట్టలకి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేశాం. మనకి దగ్గర్లోని కొండపల్లిలో బొమ్మలు అతికేది దాంతోనే. పళ్ళెంలో మెంతులు చల్లితే మొలిచి పొలాలయ్యాయి. గేటు దగ్గర ఎర్ర బల్బు, పచ్చ బల్బు, చిన్న స్విచ్చు. అన్నీ టార్చిలైటు బ్యాటరీలతోనే. గోడ ప్లగ్గు జోలికి పోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

భోగి ముందు రాత్రి రైలు వదిలాం. వంతెన మీదకి రాగానే ధబ్బున ఏట్లో పడింది. నేను వెంటనే ఏమన్నానో తెలుసా? "నాన్నని పిలువమ్మా, ఆయన చూస్తారు."

పిల్ల నా వంక అదోలా చూసింది. "ఎందుకమ్మా? లెక్క నేనేగా వేసింది" అంది. ఒక చెక్క రవ్వంత కిందికి ఉందని కనిపెట్టి, అట్టముక్కలు మడిచి ఇటుకల మీద పెట్టింది. రైలు ఏరు దాటింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటర్లో లెక్కలంటే నాకు ప్రాణం. ఇంజనీరింగ్ చదువుతానంటే "ఆడపిల్లకి అంత దూరం ఎందుకు" అన్నారు ఇంట్లో. దగ్గర్లో ఉందని బీఏలో చేరాను. ఆ మాట అన్నవాళ్ళ మీద ఇన్నేళ్ళూ లోలోపల అలిగాను. తీరా నా కూతురి దగ్గరికొచ్చేసరికి, నా నోటివెంట వచ్చింది ఆ మాట చెల్లెలే!

ఎవరూ పనిగట్టుకుని ఆడపిల్లల్ని ఆపక్కర్లేదు. మిక్సీ ప్లగ్గు వదులైతే కొడుకుని కేకేస్తాం. పీట కాలు ఊగితే మేకు, సుత్తి వాడి చేతికే ఇస్తాం. కూతురికి ఇచ్చేది అలంకరణ. ఎంత బాగా చేసినా అది వేరొకరు కట్టినదానికి పూలు పెట్టడమే. కట్టడం ఎప్పుడు నేర్చుకుంటుంది?

పుణెలో జోషిగారనే ఆయన ఇష్టంగా కూర్చుకున్న చిన్న రైళ్ళ లోకం 1998 నుంచి మ్యూజియంగా ఉంది. జనం చూడ్డానికి వెళ్తారు. అదే పని ఇంట్లో పిల్ల చేస్తే పని లేని పనా? ఆ పుణె నుంచి ముంబై వెళ్ళే దారిలోనే భోర్ ఘాట్ ఉంది. ముప్పై ఏడు అడుగులకి ఒక అడుగు చొప్పున దిగే నిటారు దారి. దేశంలో మొట్టమొదటి మహిళా లోకో పైలట్ సురేఖా యాదవ్ 2023 మార్చిలో సోలాపూర్ నుంచి ముంబైకి వందే భారత్ నడిపింది ఆ దారినే. ఆవిడ చేతికి కూడా ఎవరో ఒకరు ముందు పనిముట్టు ఇచ్చే ఉంటారు.

రైలు బొమ్మ కొనే స్తోమత అందరికీ ఉండకపోవచ్చు. అగ్గిపెట్టెలతో పెట్టెలు, సోడా మూతలతో చక్రాలు చేసినా చాలు. మలుపు ఎంత, ఎత్తు ఎంత, ఎక్కడ పడిపోయింది, ఎందుకు పడింది అన్నవి మాత్రం పిల్లనే తేల్చుకోనివ్వండి. పడ్డప్పుడు మనం కాసేపు నోరు కట్టుకోవాలి. అదే కష్టం, నాకు తెలుసు.

పేరంటానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు రైలు ముందు కదలకుండా నిలబడ్డారు. "ఏదమ్మాయ్, ఇంకోసారి తిప్పు" అన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మా మనవరాల్ని రేపు పంపుతా, దానికీ కాస్త చూపించు" అన్నారు, నాతో కాదు, మా అమ్మాయితో.